ముగ్గురాయి గనిలో గాలి లెక్క

గనిలో గాలిని కంప్యూటరులో ఎలా చూపిస్తావని మా నాయన అడిగితే, ఆళ్లగడ్డలో మా వీధి కుళాయిల సంగతి చెప్పాను. ట్యాంకు దగ్గరి ఇళ్లకు నీళ్లు ధారగా వస్తాయి. వీధి చివరనున్న మాకు వేలి లావు కూడా రావు. మధ్యలో ఎవరైనా గొట్టానికి మోటారు బిగిస్తే ఆ కాస్తా ఉండదు. గనిలో గాలి కూడా ఇంతే. ఒక దారిన లోపలికి వస్తుంది, చీలిక దారుల్లోకి విడిపోతుంది, ఇంకో దారిన బయటికి పోతుంది. ఏ దారి ఎంత ఇరుకో తెలిస్తే, ఏ మూలకు ఎంత గాలి అందుతుందో లెక్క కట్టవచ్చు. ఆయన ఉలి పక్కన పెట్టి, "కనపడని దాన్ని యాడ పట్టుకొని కొలుస్తావు పాపా?" అన్నాడు. నేను నవ్వేశాను. చదువుకున్నదాన్ని కదా, కొలవడం పెద్ద పనిగా అనిపించలేదు.

మా నాయన శిల్పాలు చెక్కుతాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నలుగురు పనివాళ్లు, రాయి కోసే మిషన్లు, ఎటు చూసినా తెల్లటి దుమ్ము. రాయి మీద బతికే ఇంట్లో పుట్టి రాయి కిందికి పోతావా అని, నేను మైనింగు చదువుతానన్న రోజు నుంచి అమ్మ దెప్పుతూనే ఉంది. ఆడవాళ్లు భూమి లోపల గనుల్లో పనిచేయడానికి చట్టం ఒప్పుకుని ఎంతో కాలం కాలేదు. చదువు అయ్యాక నంద్యాలలో గది తీసుకుని, కొండల వైపున్న ఒక చిన్న ముగ్గురాయి గనిలో చేరాను. దాని పేరు చెప్పను. అక్కడ ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదంతా నా మీదే.

చిన్న గని. ఏటవాలుగా దిగే దారి ఒకటి, దాని నుంచి చీలే సొరంగాలు, మా భాషలో గ్యాలరీలు, ఏడెనిమిది, అవతలి కొసన గాలిబావి. ఆ బావి మీద పెద్ద ఫ్యాను లోపలి గాలిని పైకి లాగుతుంది. పెద్ద గనుల్లో గాలి లెక్కలకు ఖరీదైన ప్రోగ్రాములు వాడతారు. మా గనికి అంత హంగు ఎందుకని, గని మొత్తాన్ని ఇరవై గీతలుగా గీసి, ఒక్కో గీతకు ఎంత ఇరుకుందో ఒక అంకె ఇచ్చి, మామూలు లాప్‌టాప్‌లో నడిచే లెక్క ఒకటి నేనే రాశాను. ఒక తలుపు మూస్తే ఏ గ్యాలరీకి గాలి పెరుగుతుందో, రాయి పగలడానికి మందు పేల్చాక పొగ ఎంతసేపటికి పోతుందో అది చెప్తుంది. మేనేజరు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. నేను అంతకంటే ఎక్కువ ముచ్చటపడ్డాను.

లెక్కలో వేయడానికి కొలతలు కావాలి కాబట్టి నెల రోజులు గని అంతా తిరిగాను. చేతిలో చిన్న చక్రమున్న పరికరం ఉంటుంది. గాలికి ఆ చక్రం తిరుగుతుంది. దాన్నిబట్టి వేగం తెలుస్తుంది. నా వెంట ఎప్పుడూ మేస్త్రి వచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ కొండల్లోనే పనిచేస్తున్న పెద్దాయన, నన్ను అమ్మా అనేవాడు. గని నోటి దగ్గర నుంచి ఒక ఇనుప గొట్టం లోపలికి పోతుంది. డ్రిల్లులకు గాలి అందులోంచే వెళ్తుంది. నేను హెల్మెటు పెట్టుకోగానే మేస్త్రి ఒక రాయి తీసుకుని ఆ గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. కొంతసేపటికి లోపలి నుంచి జవాబుగా ఒక దెబ్బ వినిపించేది. అప్పుడు పోదాం పదమ్మా అనేవాడు. భద్రత కోసం పెట్టుకున్న సంకేతం కాబోలనుకుని, బాగుందని నా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

లోపల అంతా అద్దంలా ఉండేది. గాలి దారి తప్పకుండా ఆపే రెండు చెక్క తలుపులూ మూసి ఉండేవి. రాయి మోసే బండ్లు పక్క గూళ్లలోకి తోసి ఉండేవి. పని జరిగే కొసకు గాలి చేరవేసే గుడ్డ గొట్టం చివరిదాకా తిన్నగా కట్టి ఉండేది. మనుషులు చొక్కా గుండీలు పెట్టుకుని, గోడ పక్కన నిలబడి నమస్తే పెట్టేవాళ్లు. నేను చదువుకునే రోజుల్లో చూసిన పెద్ద గనుల్లో కూడా ఇంత పద్ధతి లేదు. ఇలాంటి గనిలో పని దొరకడం నా అదృష్టమని అమ్మకు ఫోనులో గొప్పలు చెప్పాను.

అంతకుముందు మందు పేల్చాక అందరూ పైకి వచ్చి, బొరుగుల ఉగ్గాని తిని, టీ తాగి, తీరిగ్గా బీడీ కాల్చాక గానీ లోపలికి దిగేవాళ్లు కాదు. గంట పైనే పట్టేది. అది మేస్త్రి పెట్టిన పద్ధతి. ఎవరినడిగినా మొదటి నుంచీ అంతే అనేవాళ్లు. అంతసేపు అవసరమా అని మేనేజరు అడిగాడు. నా లెక్క ఇరవై ఐదు నిమిషాలు చాలంది. ధర్మానికి ఇంకో ఐదు కలిపి ముప్పై అన్నాను. రోజుకు ఇంకోసారి పేల్చవచ్చని మేనేజరు సంబరపడ్డాడు. మనుషులను కూర్చోబెట్టి బొమ్మ గీసి వివరించాను. అందరూ తలూపారు. ఏమైనా అనుమానాలుంటే అడగమన్నాను. నీకు తెలుసు కదమ్మా అన్నాడు మేస్త్రి. ఆ మాటకు పొంగిపోయాను.

మందు పేల్చాక మొట్టమొదట లోపలికి పోయే మనిషి ఒకడుంటాడు. పొడవాటి ఇనుప గడారితో పైకప్పును తట్టి, పగిలి వేలాడుతున్న రాళ్లను రాల్చడం అతని పని. అతను సరేనన్నాకే మిగతావాళ్లు వెళ్తారు. మా గనిలో ఆ పని చేసే ఆయనది ఉయ్యాలవాడ. నలభై దాటిన మనిషి, నేను అన్నా అని పిలిచేదాన్ని. మాట తక్కువ. పైకప్పు మోగే మోతను బట్టి రాయి గట్టిదో గుల్లదో చెప్పేవాడు. తట్టడం నాకూ నేర్పించాడు.

ముప్పై నిమిషాల పద్ధతి మొదలైన ఆరో వారంలో ఒక ఉదయం ఆయన లోపల పడిపోయాడు. వెనక నుంచి వెళ్లినవాళ్లు చూసి, రాళ్ల బండిలో పడుకోబెట్టి పైకి తోసుకొచ్చారు. పెదవులు నల్లబడి ఉన్నాయి. గడారి పట్టుకున్న వేళ్లు విప్పడానికి ఇద్దరు పట్టారు. జీపులో నంద్యాల ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచాడు. ఎందువల్ల పడిపోయాడన్నది మాత్రం అప్పటికి తేలలేదు. పొగ ఉందో లేదో చూపించే మీటరు గనికి ఒకటే ఉండేది. అది రిపేరుకు పోయి నెల దాటింది. లెక్క ఉంది కదా అని నేను కూడా దానికోసం తొందరపెట్టలేదు.

ముందురోజు ఉయ్యాలవాడలో పెళ్లి జరిగిందనీ, ఆయన తాగి వచ్చాడనీ ఎవరో అన్నారు. ఆయనకు ఆ అలవాటు కొంచెం ఉన్న మాట నిజమే. నిప్పు లేనిదే పొగ రాదు అన్నాడు మేనేజరు. మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ గాలి సరిపోలేదంటే గని మొత్తం ఆగిపోతుంది, మనిషి తాగాడంటే ఒక్క మనిషే ఆగిపోతాడు. లెక్క ఏమంటుందో కాగితం మీద పెట్టమని నన్ను అడిగాడు. నాలుగు వరుసలు రాశాను. ముప్పై నిమిషాల్లో పొగ పూర్తిగా పోతుందనీ, గాలి వల్ల ప్రమాదం జరిగే అవకాశం లేదనీ రాసి సంతకం పెట్టాను. భూమి లోపలికి తాగి దిగినవాణ్ణి మళ్లీ ఏ గనీ పెట్టుకోదు. నా కాగితంతో ఆయన పని పోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను, ఎందుకంటే నా లెక్క మీద నాకు అంత నమ్మకం.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. ఒంట్లో బాగాలేదని అమ్మతో చెప్పి, పళ్లెంలో అన్నం పెట్టుకుని షెడ్డు గడపలో కూర్చున్నాను. మిషన్ల మోత, దుమ్ము, తలకు గుడ్డలు కట్టుకున్న పనివాళ్లు, అంతా మామూలే. ఇంతలో బయట కారు ఆగింది. ఎక్కడో గుడికి అమ్మవారి విగ్రహం చెక్కమని చెప్పిన పెద్దమనిషి చూడడానికి వచ్చాడు. నాయన చెయ్యి పైకెత్తాడు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒకతను బకెట్టుతో నీళ్లు చల్లాడు, ఇంకొకతను కుర్చీ తుడిచి వేశాడు, అందరూ తలగుడ్డలు తీసి చొక్కాలు తొడుక్కున్నారు. వచ్చినాయన విగ్రహం చుట్టూ తిరిగి, ఎంత హాయిగా ఉందండీ ఇక్కడ, రాతి పనంటే దుమ్ము కొట్టుకుపోతుందనుకున్నాను అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. కారు మలుపు తిరగ్గానే మిషన్లు మోగాయి. నా అన్నం మీద తెల్లటి పొడి పడింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మిషన్లు ఎందుకు ఆపించావని నాయనను అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"ఇంటికొచ్చిన మనిషి మొగాన దుమ్ము కొడతామా?"

సోమవారం పొద్దున హెల్మెటు పెట్టుకుని గని నోటి దగ్గర నిలబడ్డాను. మేస్త్రి రాయి అందుకున్నాడు. ఈరోజు కొట్టొద్దన్నాను. ఆయన రాయి పట్టుకునే నిలబడ్డాడు. కొట్టకపోతే లోపల మనవాళ్లు ఎట్లా ఉంటారో ఏమో అని గొణిగాడు. ఆ మూడు దెబ్బలు దేనికని అప్పుడు అడిగాను. ఇన్ని నెలల్లో అడగడం అదే మొదలు.

"పెద్దోళ్లు వస్తాండారనమ్మా. బండ్లు తీయండి, తలుపులు ఎయ్యండి, చొక్కాలు తొడుక్కోండని."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రాయి కింద పెట్టించి లోపలికి నడిచాను. రెండు తలుపులూ బార్లా తెరిచి తీగతో కట్టేసి ఉన్నాయి. బండి తోసుకుంటూ వచ్చిన ప్రతిసారీ తెరిచి మూస్తూ ఉంటే పని ఎక్కడ సాగుతుంది. లోపలికి పోవాల్సిన గాలి సగం ఆ తలుపుల్లోంచే అడ్డదారిన గాలిబావికి పోతోంది. మలుపులో ఒకదాని వెనక ఒకటి నాలుగు బండ్లు నిలబడి ఉన్నాయి. అన్నం తినే చోట గాలికి దుమ్ము లేచి కూట్లో పడుతోందని దారికి అడ్డంగా ప్లాస్టిక్ పట్టా కట్టారు. గుడ్డ గొట్టం పేలుడు రాళ్లకు చిరిగిపోతుందని పని జరిగే కొసకు చాలా దూరంలోనే చుట్టి పెట్టారు. ఆ కొసన నిలబడి నా పరికరం పైకెత్తాను. చక్రం కదలాలా వద్దా అన్నట్టు ఒకసారి ఊగి ఆగిపోయింది.

నన్ను చూసి మనుషులు చొక్కాల కోసం పరుగెత్తారు. ఒకతను బండి తోయబోయాడు. నాకు కోపం నషాళానికి అంటింది. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని అరిచాను. చొక్కాలు కూడా వేసుకోవద్దన్నాను. అంత పెద్ద గొంతు నాకుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు. తర్వాత సిగ్గేసింది. వాళ్లు చేసిన తప్పేమిటి? చుట్టానికి చేసే మర్యాద చేశారు. నేను ఆ మర్యాదను కొలుచుకుని, అదే గని అనుకున్నాను. గొట్టం చివరి దాకా కట్టనందుకు వాళ్లను తిట్టవచ్చు, కానీ అది కట్టి ఉందని నమ్మి నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టింది నేను.

ఆ రోజంతా వాళ్ల పని సాగుతుండగానే, పక్క గోడకు ఒరుసుకుంటూ తిరిగి మళ్లీ కొలిచాను. పైకి వచ్చి కొత్త అంకెలు వేశాను. పొగ పోవడానికి డెబ్భై నిమిషాల పైన పడుతుందని చూపించింది. లెక్కలో లోపం లేదు. పిండి కొద్దీ రొట్టె, నేను వేసిన పిండి వేరు. పాత పద్ధతిలో ఉగ్గానికీ టీకీ బీడీకీ పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. ఆ మాట మేస్త్రితో అంటే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన తల వంచుకుని, పడిపోయినవానికి మళ్లీ పని ఇస్తారా అమ్మా అని మాత్రం అడిగాడు.

మేనేజరు దగ్గరికి వెళ్లి నేను రాసిన కాగితం తప్పని చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. కొత్త కాగితం రాస్తే దాంతో ఏమవుతుందో వివరంగా చెప్పాడు. గని కొన్నాళ్లు ఆగుతుంది, గనుల భద్రత చూసే పైవాళ్లు వస్తారు, ఒక ఆడపిల్ల లెక్క నమ్మి మనిషి ప్రాణం మీదికి తెచ్చారని అంటారు, నా ఉద్యోగం ఉంటుందో లేదో తాను చెప్పలేనన్నాడు. అందులో బెదిరింపు లేదు, నా మీద దిగులే ఉంది. అయినా రాశాను. ఆయన చదివి, పెన్ను తీసుకుని నా సంతకం కింద తానూ సంతకం పెట్టాడు. మీటరు లేకుండా నెల రోజులు పని నడిపింది నేనే కదమ్మా అన్నాడు.

మరునాడు కోయిలకుంట్ల దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో ఉయ్యాలవాడ వెళ్లాను. అన్న ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోబెట్టడానికి దాదాపు పోట్లాడాల్సి వచ్చింది. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే ఏవీ రాలేదు. తప్పు నాది, నువ్వు తాగలేదని కాగితం రాశాం, పనికి రావచ్చు అని గబగబా చెప్పేశాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం ఇవన్నీ తెలిసినవే అన్నట్టు విన్నాడు. తాగలేదని నాకెరుకే కదమ్మా అన్నాడు.

పడిపోయిన రోజుకు ముందు ఎప్పుడైనా ఇబ్బందిగా అనిపించిందా అని అడిగాను. కొత్త పద్ధతి మొదలైన నాటి నుంచీ రోజూ తలనొప్పేనని చెప్పాడు. వాంతులు కూడా అయ్యేవట. మేస్త్రికి తెలుసు, అందరికీ తెలుసు. మరి ఒక్కసారైనా నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"చెప్తే ఏమైతాది? ఆ పాప లెక్క తప్పంటారు. రేపట్నుంచి ఆడపిల్లోళ్లను లోపలికి రానియ్యరు. నాకూ ఒక బిడ్డ ఉండాది గదమ్మా, నంద్యాలలో పాలిటెక్నిక్ చదువుతాంది. దానికి రోజూ నీ మాటే చెప్తాంటా."

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. నీ బిడ్డకు నాయన లేకుండా చేసి నా ఉద్యోగం నిలబెడతావా, నువ్వు చచ్చిపోయి ఉంటే నేను ఏ మొహంతో ఆ గనిలోకి దిగేదాన్ని అని ఆయన ఇంటి ముందే కూర్చుని ఆయన్నే తిట్టాను. పక్కింటివాళ్లు తొంగిచూశారు. తిట్టి తిట్టి అలిసిపోయాక, ఆయన భార్య తెచ్చిన మజ్జిగ తాగుతుంటే అప్పుడు ఏడ్చాను. వాళ్ల కూతురు అమ్మాయిల హాస్టల్లో ఉందనీ, వస్తే నా దగ్గరికి తీసుకొస్తాననీ ఆయన అన్నాడు. మాట మార్చడం కూడా ఆయన మర్యాదే.

గని మూడు వారాలు ఆగింది. పైవాళ్లు వచ్చారు, నన్ను గుచ్చి గుచ్చి అడిగారు, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్త మీటరు వచ్చింది. తలుపులకు, వాటంతట అవే మూసుకునేలా బరువులు కట్టించాం. గుడ్డ గొట్టం చివరి ముక్కను పేలుడుకు ముందు విప్పి తర్వాత మళ్లీ తగిలించేలా కుట్టించాం. నా ఉద్యోగం మిగిలింది. గొట్టం మీద దెబ్బలు కొట్టడం మాన్పించడానికి మాత్రం మేస్త్రితో రెండు రోజులు వాదించాను.

అన్న తిరిగి పనిలోకి వచ్చిన మొదటి రోజు మందు పేల్చాక, కొత్త అంకెల ప్రకారం డెబ్భై ఐదు నిమిషాలు అందరం పైన కూర్చున్నాం. తర్వాత ఆయన, మేస్త్రి, నేను ముగ్గురం గాలి వెంట దిగాం. చివరి మలుపు దగ్గర మీటరు చూశాను. అంకె హద్దులోనే ఉంది. పోవచ్చన్నాను. మేస్త్రి కదిలాడు. అన్న కదల్లేదు. గడారి నేలకు ఆనించి, ముక్కెగరేసి గాలి పీల్చి, నా మొహంలోకి చూశాడు. మాట గొంతులోకి వచ్చి ఆగిందని నాకు కనపడుతూనే ఉంది. నేను ఆగాను. ఏమీ అందించకుండా, ధైర్యం చెప్పకుండా, ఊరికే నిలబడ్డాను.

"చాలదమ్మా," అన్నాడు. "నీ లెక్క ఇంకా తక్కువే ఉండాది."

మేస్త్రి ఉలిక్కిపడి, ఊరుకోప్పా అన్నాడు. ఇంకా ఎంతసేపు కావాలన్నా అని నేను అడిగాను. పది నిమిషాలన్నాడు. ముగ్గురం వెనక్కి నడిచి, మంచి గాలి వచ్చే చోట బండ మీద కూర్చున్నాం. నోటుబుక్కు తీసి డెబ్భై ఐదు కొట్టేసి, ఎనభై ఐదు అని రాశాను. సంతోషంతోనే. పది నిమిషాలయ్యాక ఆయన లేచి మలుపు దాకా పోయి, మళ్లీ గాలి పీల్చి, ఇప్పుడు రాండి అని పిలిచాడు. అప్పుడు వెళ్లాం.